నాలోంచి తీసి పెట్టిన ముక్క

2007 జూన్ 14, పాల్వంచ

మళ్లీ నీళ్లు తీశారు. ఆయన పొట్ట తగ్గింది, కాళ్ల వాపు తగ్గలేదు. కళ్లు పసుపు. ఏళ్ల తరబడి కరెంటు ప్లాంటులో షిఫ్టులు చేసిన మనిషి, మంచం మీది నుంచి లేవడానికి నా భుజం అడుగుతున్నాడు.

పక్క క్వార్టరు ఆవిడ గుమ్మంలోనే నిలబడి మెల్లగా అడిగింది, "మీ ఆయన తాగుతడా?" అని. లేదన్నాను. నమ్మలేదు. కాలేయం చెడిందంటే అందరికీ ఒకటే అర్థం. ఇది వైరస్, ఎప్పుడో రక్తంలో చేరిన హెపటైటిస్ బి, అని విడమర్చి చెప్పే ఓపిక ఇవాళ లేదు.

జూన్ 20

హైదరాబాద్ వెళ్లొచ్చాం. పెద్ద డాక్టరు కాగితం మీద కాలేయం బొమ్మ గీశాడు. మందులతో ఇక లాభం లేదట. మార్చాలి. చనిపోయినవాళ్లది దొరికేదాకా ఎదురుచూసేంత టైం ఈయనకు లేదు. ఇంట్లోవాళ్లే ఎవరో ఒకరు కొంత కోసి ఇవ్వాలి. ఇచ్చినవాళ్లకు మళ్లీ పెరుగుతుందట... ఆ మాట చెప్పి నా వైపు చూశాడు. నేను బొమ్మ వైపు చూశాను.

తిరుగు బస్సులో ఆయన నిద్రపోయాడు. సూర్యాపేట దాటేదాకా నా చెయ్యి నా కడుపు మీదే ఉంది. ఎప్పుడు పెట్టుకున్నానో తెలియదు.

జూన్ 29

ఆయన తమ్ముడు శీను ముందుకొచ్చాడు. రక్తం గ్రూపు కలిసింది. స్కాన్ తీస్తే కాలేయం నిండా కొవ్వు. పనికిరాదన్నారు. కొవ్వు పట్టినది పెడితే లోపల సరిగా పని అందుకోదట, ఇచ్చినవాడికీ ప్రమాదమేనట. శీను ఆసుపత్రి గోడకు తల ఆనించి ఏడ్చాడు. "వదినా, ఇద్దామనే వచ్చిన నేను." ఆ ఏడుపులో కొంచెం ఊరట కూడా ఉంది. తప్పు పట్టను.

మాధవి పేరు కూడా వచ్చింది. ఇంకా పద్దెనిమిది నిండలేదని డాక్టరే కొట్టేశాడు. నా కూతురు చిన్నపిల్ల అయినందుకు అంత హాయిగా ఎప్పుడూ అనిపించలేదు.

మిగిలింది నేను.

జూలై 6

నాది సరిపోయింది.

జూలై 8

బోనకల్ నుంచి అమ్మ ఫోన్. ముందు ఏడ్చింది, తర్వాత తిట్టింది. "నీకేమన్న అయితే పిల్లనెవరు సూస్తరే? ఆలోచన చేసినవా?" చేశానన్నాను. చెయ్యలేదు. ఆలోచిస్తే ఆగిపోతానని భయం.

బడిలో సెలవు పెట్టాను. బూర్గంపాడు దారిలో మా ప్రైమరీ బడి. సగం మంది పిల్లలు ఇంట్లో కోయ మాట్లాడతారు, నాతో తెలుగు. టీచర్ ఎక్కడికి పోతున్నదని ఒకరు అడిగితే ఇంకొకరు వాళ్ల భాషలో ఏదో చెప్పారు. అందరూ నన్ను అదోలా చూశారు. ఏం చెప్పి ఉంటారో...

ఆగస్టు 2, హైదరాబాద్

రేపు.

డాక్టరు మళ్లీ అంతా చెప్పాడు. కొత్త కాలేయానికి రక్తం తెచ్చే నాళం గడ్డకట్టి మూసుకోవచ్చు. పైత్యనాళం అతికిన చోట కారొచ్చు, తర్వాత ఎప్పుడైనా ఇరుకవ్వొచ్చు. ఇన్ఫెక్షన్. కిడ్నీలు. ఒంట్లోకి వచ్చింది తనది కాదని ఒళ్లే దాని మీద తిరగబడొచ్చు. ఈయన బాగా నీరసించాక వచ్చాడు, కండ కరిగిపోయింది, ఇంకాస్త ముందే పంపి ఉంటే బాగుండేదన్నాడు. పసరు మందు తాగుతూ కామెర్లు తగ్గుతున్నాయని అనుకున్న నెలలన్నీ ఆ ఒక్క మాటలో పోయాయి.

నాకూ ప్రమాదం ఉందన్నాడు. తక్కువే, కానీ ఉంది. సంతకం చేశాను. ఆయన నా చేతిని చూస్తున్నాడు, ముఖాన్ని కాదు.

ఆగస్టు 9

రాయడానికి కూర్చోలేను. పడుకునే... దగ్గు వస్తే చచ్చిపోయినట్టుంది. దిండు కడుపుకు అదుముకుని దగ్గమంటారు.

ఆయన బాగానే ఉన్నాడట.

ఆగస్టు 12

అద్దంలోంచి చూపించారు. ముక్కులో, మెడలో, పొట్టలో గొట్టాలు. కళ్లు తెరిచాడు. తెల్లగా ఉన్నాయి. తెల్లటి కళ్లు! ఎంత కాలమైంది చూసి. అమ్మ నా వెనక నిలబడి పమిట నోట్లో కుక్కుకుంది.

నాలోంచి తీసినది అక్కడ పని చేస్తోంది. ఏమనిపించిందని అమ్మ అడిగింది. ఏమీ అనిపించలేదు. కూర్చోవాలనిపించింది.

సెప్టెంబర్ 1

ఆసుపత్రి దగ్గరే కిరాయి గది. జ్వరం వచ్చి ఆయనను మళ్లీ చేర్చుకున్నారు. అతికిన చోట పైత్యం కారుతోందట. పక్కన ఇంకో గొట్టం పెట్టారు. సంచిలో ఆకుపచ్చ నీళ్లు.

మాధవి ఖమ్మం నుంచి రోజూ ఫోన్ చేస్తుంది. దాని ఇంటర్ పుస్తకాలన్నీ ఇక్కడే మర్చిపోయి వెళ్లింది. అడగదు. ఎట్లా చదువుతోందో.

సెప్టెంబర్ 23

కారడం ఆగింది. గొట్టం తీశారు. ఆయన సాంబారు అడిగాడు.

డిసెంబర్ 4, పాల్వంచ

ఇంటికి వచ్చాం. మరిగించిన నీళ్లు. చుట్టాలు రావద్దు, వచ్చినా ముక్కుకు గుడ్డ. కోసి పెట్టిన పండ్లు వద్దు. పెరట్లో కోళ్లు వద్దు, అమ్మేశాను. ఒళ్లు కొత్త కాలేయం మీద తిరగబడకుండా మాత్రలు పొద్దున, రాత్రి, టైం తప్పకుండా, బతికినన్నాళ్లూ. పాత వైరస్ తిరిగి రాకుండా వేరే సూది. రక్తంలో మందు ఎంత ఉందో పరీక్షకు పంపాలి. ఎక్కువైతే కిడ్నీకి దెబ్బ, తక్కువైతే కాలేయానికి.

ఖర్చు కంపెనీ చూసుకుంటోంది. ఓపిక మాత్రం ఎవరూ ఇవ్వరు.

2008 జనవరి 21

బడికి మళ్లీ వెళ్లాను. బరువు ఎత్తొద్దన్నారు కాబట్టి పిల్లలే కుర్చీ తెచ్చి వేస్తున్నారు. ఒక పిల్లాడి తల్లి అడవి తేనె సీసాలో పోసి తెచ్చింది. "సార్‌కు బలమొస్తది, పెట్టు టీచరమ్మా." పచ్చి తేనె ఆయనకు పెట్టకూడదు. ఆమెకు చెప్పలేదు. ఇంటికి తెచ్చి, ఆయన చూడకుండా వంటింట్లో నిలబడి నేనే తిన్నాను. ఎంత తీపి.

ఏప్రిల్ 17

బాగున్న రోజు. రాస్తున్నాను, లేకపోతే తర్వాత నమ్మను.

భద్రాచలం వెళ్లాం. కల్యాణం జనం తగ్గాక. గుళ్లోకి వెళ్లనివ్వలేదు నేను, గోదావరి ఒడ్డునే కూర్చున్నాం. నీళ్లు సన్నగా, ఇసుక ఎక్కువ. బీడీలకు పోయే తునికాకు కట్టలతో ఒక ట్రాక్టరు పోతుంటే ఆయన ఆ వాసన పీల్చి, "మళ్లొక ఎండకాలం చూసిన," అన్నాడు. నా వైపు తిరిగి, "నీ పుణ్యం," అన్నాడు. ఆ మాట నాకు వద్దు. ఊరికే కూర్చుంటే బాగుండేది.

జూన్ 11

తేలిక డ్యూటీ ఇచ్చారు. గుమాస్తా పని. పొద్దున ఇస్త్రీ చొక్కా వేసుకుని, నాకు చెప్పి మరీ వెళ్లాడు. షుగరు వచ్చింది, అది మాత్రల వల్లేనట. చేతులు వణుకుతున్నాయి, అదీ మాత్రల వల్లే. టీ గ్లాసు సాసరు మీద చప్పుడు చేస్తుంది.

ఆగస్టు 26

వాన. దురద. రాత్రంతా గోక్కున్నాడు, పొద్దున దుప్పటి మీద రక్తపు గీతలు. కళ్లలోకి చూడొద్దనుకున్నాను. చూశాను. పసుపు.

ఆగస్టు 30, హైదరాబాద్

పైత్యనాళం ఇరుకైంది. నోట్లోంచి గొట్టం పంపి, లోపల చిన్న ప్లాస్టిక్ నాళం పెట్టారు. కొన్ని నెలలకొకసారి మార్చాలట. డాక్టరు మామూలుగా చెప్పాడు. వాళ్లకు మామూలే. బస్టాండులో నేను బెంచీ మీద కూర్చుంటే కుట్టు దగ్గర లాగింది. అక్కడ ఇప్పటికీ తిమ్మిరే, ముట్టుకుంటే వేరేవాళ్ల ఒళ్లు ముట్టుకున్నట్టు.

నవంబర్ 15

రెండోసారి మార్చారు. దురద తగ్గింది. పసుపు పూర్తిగా పోలేదు.

ఏమీ రాయాలని లేదు.

2009 ఫిబ్రవరి 10, హైదరాబాద్

సూదితో కాలేయంలోంచి చిన్న తునక తీసి పరీక్ష చేశారు. నాళం ఒక్కటే కాదు కారణం. ఒళ్లు ఆ కాలేయాన్ని మెల్లమెల్లగా తోసేస్తోంది. చాలా కాలంగా జరుగుతోందట.

డాక్టరు అడిగాడు, "మాత్రలు ఎప్పుడైనా మానేశారా?" లేదన్నాడాయన. నేనూ లేదన్నాను, గట్టిగా. నేనే కదా డబ్బాలో పెట్టి ఇస్తాను.

ఫిబ్రవరి 12, పాల్వంచ

ఆయనే చెప్పాడు. పొద్దున, పళ్లు తోముకుంటూ, నావైపు తిరగకుండా.

ఆఫీసులో చేతులు వణుకుతుంటే కొత్త పిల్లలు ఒకరినొకరు చూసుకుని నవ్వేవాళ్లట. తాగి వచ్చాడని. ఒకడైతే దగ్గరికొచ్చి వాసన చూశాడట. "తాగుబోతు లెక్క కనబడుతున్ననే సుజాతా. సంతకం పెట్టలేకపోతున్న. అందుకే పొద్దటి మాత్ర సగమే ఏసిన. వణుకు తగ్గింది. బాగనే ఉన్న గద అనుకున్న."

ఎన్నాళ్లు అని అడిగాను. నోరు పుక్కిలించి ఊశాడు. వానల ముందు నుంచి అయి ఉంటుంది.

బడికి వెళ్లాను. ఎక్కాలు చెప్పించాను. పిల్లలు అరుస్తూ చెబుతుంటే కిటికీ బయట నిలబడి ఏడ్చాను.

ఫిబ్రవరి 13

కోపం పోలేదు. ఇవాళ అన్నం వడ్డిస్తూ అనేశాను, "అది మీదొక్కరిదే కాదు. నాది. కోసి ఇచ్చిన. సగం మాత్ర మింగేటప్పుడు అది యాదికి రాలేదా?" ఆయన కంచం ముందు తల వంచుకుని కూర్చున్నాడు. నవ్విన వాళ్లను తిట్టాలో, ఈయనను తిట్టాలో తెలియదు. తాగని మనిషి, తాగుబోతు అంటారేమోనని...

మార్చి 19

మందు పెంచారు, కొత్తవి కలిపారు. కామెర్లు దిగలేదు. కిడ్నీ పరీక్ష కూడా బాగాలేదు. డాక్టరు చెప్పాల్సింది చెప్పాడు: ఇంకోసారి మార్చాల్సి రావచ్చు. రెండోసారి మొదటిసారంత తేలిక కాదు, లోపల అంతా అతుక్కుపోయి ఉంటుంది. మాత్రలు సరిగా వేసుకుంటాడన్న నమ్మకం తమకు కావాలన్నాడు. పేరు రాశారు, చనిపోయినవాళ్లది ఎప్పుడైనా దొరికితే ఫోన్ చేస్తారు. దొరకడం కష్టం. లేదంటే ఇంట్లోవాళ్లు...

నేను ఇంకోసారి ఇవ్వలేను. ఎవరూ అడగకముందే నాకు నేనే చెప్పుకున్నాను.

మార్చి 29

ఆదివారం. మాధవి ఖమ్మం పక్క ఖానాపురం హవేలి నుంచి వచ్చింది. అక్కడ స్నేహితురాళ్లతో గది తీసుకుని డిగ్రీ చదువుతోంది. దానికి అంతా తెలుసు, శీను చెప్పాడట. బియ్యం ఏరుతూ మామూలుగా అంది.

"నాకిప్పుడు పద్దెనిమిది దాటినయ్ గదమ్మా. నేనిస్త."

చేట పక్కన పెట్టాను. వద్దన్నాను.

"నువ్వియ్యలేదా?"

"నేను ఆయన భార్యను."

"నేను బిడ్డను." 

ఆయన లోపలి గదిలోంచి విన్నాడు. గోడ పట్టుకుంటూ వచ్చి, "నేను సచ్చినా సరే, బిడ్డను కోయనియ్య," అన్నాడు. మాధవి ఆయన కాళ్ల దగ్గర కూర్చుంది. బియ్యం అట్లాగే ఉండిపోయాయి, సాయంత్రం ఉప్మా చేశాను.

ఏప్రిల్ 22

పొట్టలో మళ్లీ నీళ్లు. డ్యూటీ మానేశాడు. ఎండ. కరెంటు తయారయ్యే ఊరే, మా కాలనీలో ఇవాళ కరెంటు లేదు. విసనకర్రతో విసురుతూ కూర్చున్నాను.

మే 3

ఇవాళ పొద్దున టీ తాగుతూ అడిగాడు.

"పిల్ల మళ్లేమన్న అన్నదా?"

"దేని గురించి?"

"ఊకెనే."

గ్లాసు కింద పెట్టాడు. నేను ఆయన ముఖం వైపు చూడలేకపోయాను. భయపడుతున్నాడు. బతకాలనుకుంటున్నాడు. అందులో తప్పేముంది? నేను అయితే మాత్రం అనుకోనా?

కానీ ఆ ప్రశ్న... ఆయన గ్లాసు తీసుకెళ్లి రెండుసార్లు తోమాను.

మే 5

నిజం ఇక్కడైనా రాయాలి. ఆయన పోవడం నాకు ఇష్టం లేదు. మాధవిని కొయ్యడం నాకు ఇష్టం లేదు. ఈ రెండూ ఒక్కసారే ఎట్లా కుదురుతాయి? ఒకవైపు తూగితే రెండోవైపుకు పరుగెత్తుతున్నాను. పగలంతా ఇదే పని. అలిసిపోయాను.

ఇంకొకటి కూడా ఉంది. నాది పాడుచేశాడు. దానిది ఇస్తే జాగ్రత్తగా చూసుకుంటాడా? ఈ మాట అనుకున్నందుకు సిగ్గుగా ఉంది. అనుకోకుండా ఉండలేను.

మే 17

మాధవి మాకు చెప్పకుండా ఏం చెయ్యలేదు. ఫోన్ చేసి చెప్పే చేసింది: ఆసుపత్రితో మాట్లాడిందట, పరీక్షలకు రమ్మన్నారట, కాలేజీకి ఎట్లాగూ సెలవులేనట. "నువ్వొస్తే తోడుగ ఉంటది. రాకున్న పోత." దాని గొంతు మా అమ్మ గొంతులా ఉంది. నేను ఆయనకు చెప్పాను. వద్దంటాడని చూశాను. ఆయన దుప్పటి అంచు సరిచేసుకున్నాడు. "జాగర్తగ పోయి రాండ్రి," అన్నాడు.

మే 26, హైదరాబాద్

రక్తం, స్కాన్లు, గుండె పరీక్ష. మాధవి ఆసుపత్రి గౌనులో ఎంత సన్నగా ఉందో. ఆయనను కూడా తెచ్చాం, కింద వార్డులో ఉన్నాడు, నీళ్లు తీస్తున్నారు.

రేపు దాన్ని ఒంటరిగా కూర్చోబెట్టి మాట్లాడతారట. నన్ను లోపలికి రానివ్వరు.

మే 27

ఆ గది నాకు తెలుసు. రెండేళ్ల కింద నన్నూ అక్కడే కూర్చోబెట్టారు. ఎవరికీ చెప్పలేదు, ఈ పేజీకి కూడా. అక్కడి మేడం తలుపు వేసి మెల్లగా అంది: మీకు ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పండి, కారణం అక్కర్లేదు, మీది సరిపోలేదని మేమే ఇంట్లోవాళ్లకు చెబుతాం, మీరు వద్దన్నారని ఎప్పటికీ ఎవరికీ తెలియదు. అప్పుడు నేను కిందికి చూసి, ఇష్టమే అన్నాను. 

ఇవాళ మాధవి లోపలికి వెళ్లింది. తలుపు పడింది. నేను బయట బెంచీ మీద. లోపల మాటలు వినపడవు. ఏం చెప్పాలని కోరుకోను? దేవుడా అని కూడా అనలేకపోయాను, ఏమని అడగాలో తెలియక.

చాలాసేపటికి వచ్చింది. ముఖం కడుక్కున్నట్టుంది. ఆకలేస్తోందంది. క్యాంటీన్‌లో ఇడ్లీ తిన్నాం.

మే 29

డాక్టరు ముగ్గురినీ కూర్చోబెట్టి చెప్పాడు. మాధవిది సరిపోదు.

ఆయన అడిగాడు, ఎందుకని. డాక్టరు, అన్నీ చూసే నిర్ణయం తీసుకున్నాం, వేరే దారి చూద్దాం, అన్నాడు. అంతే. మాధవి నేల వైపు చూస్తోంది. నేను డాక్టరు బల్ల మీది పెన్నుల వైపు. నిజంగానే సరిపోలేదా... అయి ఉండొచ్చు. శీనుదీ సరిపోలేదు కదా. సన్నటి పిల్ల, ముక్క చాలకపోవచ్చు.

"పోనీలే," అన్నాడాయన. "బిడ్డకు బాధ తప్పింది." తర్వాత ఖమ్మం దాకా కారులో కిటికీ వైపే తిరిగి పడుకున్నాడు. మాధవి ఆయన పాదాలు ఒళ్లో పెట్టుకుని ఒత్తుతూనే ఉంది.

జూన్ 2, పాల్వంచ

మాధవిని బస్సెక్కించడానికి వెళ్లాను. బస్సు ఇంకా కదలలేదు. కిటికీ సీటులోంచి అంది,

"అమ్మా, నన్నేమన్న అడుగుతవా?"

"లేదు బిడ్డా."

"ఎప్పటికి అడగవా?"

"తిండి సరిగ తిను," అన్నాను. 

జూన్ 16

ఆయన మాత్రలు పూర్తిగా వేసుకుంటున్నాడు. వేసుకుని ఖాళీ రేకు నాకు చూపిస్తాడు, బడిపిల్లాడిలా. చేతులు బాగా వణుకుతున్నాయి. దాచుకోవడం లేదు.

ఫోన్ మంచం పక్కనే పెట్టుకుంటాం. హైదరాబాద్ నుంచి ఎప్పుడు వచ్చినా వెంటనే బయల్దేరాలి. రాదేమో. వచ్చినా తట్టుకుంటాడా...

జూన్ 25

మధ్యాహ్నం ఫోన్ మోగింది. వంటింట్లోంచి పరుగెత్తాను. ఆయన లేచి కూర్చున్నాడు.

మాధవి.

"నాయన ఎట్లున్నడు?" అంది. అట్లనే ఉన్నడన్నాను. "నువ్వు?" అంది. పొయ్యి మీద పప్పు ఉందన్నాను. అటువైపు రోడ్డు మీద ఆటోల చప్పుడు. ఏదో చెప్పబోయి ఆగినట్టుంది. పెట్టెయ్యలేదు. నేనూ పెట్టెయ్యలేదు. ఆయన మంచం మీది నుంచి చేత్తో ఎవరని అడుగుతున్నాడు...